రోజుకి ఎనిమిది లీటర్లు

పని మొదలైన నాటికి షావుకారు చేతిలో ఉన్నవి మూడు: రెండు చిన్న గ్యాస్ టర్బయిన్లు, ఒక పాత వ్యాను, ఒక బావ.

టర్బయిన్లు, అంటే మంట వేడిగాలికి గిరగిరా తిరిగే యంత్రాలు, కోరి కొన్నవి కావు. మూతపడిన టెలిఫోను కేంద్రం సామాను వేలంలో రాగి తీగ కోసం పాడుకున్న లాటుతో పాటు అంటుకొచ్చాయి. పాత ఇనుము వ్యాపారంలో ఇలాంటివి మామూలే. తూకానికి వేసి వదిలించుకోవాలి. కానీ బావ, అక్క మొగుడు, టర్నరు, ముప్ఫై ఏళ్లు లేతు ముందు నిలబడ్డ మనిషి. టర్బయిన్ ఇరుసును వేలితో తిప్పి, అది ఆగేదాకా చెవి ఒగ్గి విని, "దీన్ని కరిగించావంటే నీకు పుట్టగతులుండవు" అన్నాడు. ఆ ఒక్క మాట మీద రెండేళ్లు గడిచాయి. ఇప్పుడు ఒక టర్బయిన్ వ్యాను వెనక అరలో కూర్చుని డీజిల్ తాగి కరెంటు పుట్టిస్తోంది. ఆ కరెంటు బ్యాటరీలోకి, బ్యాటరీ నుంచి మోటారుకి, మోటారు నుంచి చక్రాలకి పోతుంది. బండిని గోడ ప్లగ్గుకి తగిలించే పని లేదు.

చూడ్డానికి ఎవరొచ్చినా బావ అదే చెప్పేవాడు. "టర్బయిన్‌కి ఒక్కటే వేగం ఇష్టమండీ. ఆగుతూ సాగుతూ పొమ్మంటే తిండిపోతు. ఒకే వేగంతో తిరగనిస్తే సాధువు. అందుకే దాన్ని రోడ్డు జోలికి పోనివ్వకుండా మధ్యలో బ్యాటరీని పెట్టాం. ఉమ్మడి కాపురంలో పెద్దకోడల్లాగా కుదుపులన్నీ అదే ఓర్చుకుంటుంది."

"అదెవరి సంగతో నాకు తెలుసులే" అనేది వెనక నుంచి అక్క, డీజిల్ రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండా.

తాము తిప్పి చూసిన మొదటి పరీక్షలో బండి వంద కిలోమీటర్లకి నాలుగు లీటర్లు తాగింది. ఆ అంకె విని రొట్టెల ఫ్యాక్టరీ యజమానురాలు స్వయంగా వచ్చింది. ఊరంతా రొట్టెలు దింపే ఆమె వ్యాన్లు ముసలివైపోయాయి. నచ్చితే ఇరవై బళ్లు చేయిస్తానంది. ముందు ఆరు రోజులు తన రూటులో, తన సరుకుతో తిప్పి చూపించమంది. డ్రైవరుగా నిమ్మళాన్ని పెట్టారు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. హారను కొట్టడు, ఒక్కసారిగా బ్రేకు తొక్కడు, గొంతు పెంచడు. యాభై దాటాయి. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్నట్టు బండి నడుపుతాడని ఆ పేరు.

ఆ ఆరు రోజులూ షావుకారు వేరే ఊళ్లో ఒక మిల్లు సామాను వేలంలో ఉన్నాడు. తిరిగొచ్చిన సోమవారం పొద్దున షెడ్డులో అడుగు పెట్టేసరికి రొట్టెల మేడం అప్పటికే వచ్చి, బల్ల దగ్గర నిలబడి రిజిస్టరు చూస్తోంది. అక్క పక్కన నిలబడి చీర కొంగుని వేలికి చుట్టుకుంటోంది. బావ బానెట్టులో తల పెట్టి ఉన్నాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా.

"రండి" అంది మేడం. "రోజుకి నూటయాభై కిలోమీటర్లు. ఆరు లీటర్లు పడాలి కదా. ఇక్కడ పద్నాలుగు ఉంది."

షావుకారు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. రోజూ పొద్దున ట్యాంకు అంచుదాకా నింపి, ఎన్ని లీటర్లు పట్టాయో అక్క రాసింది. ఆరు రోజులకి ఆరు అంకెలు. ఒక్క చూపులో చదివాడు. కళ్లు రిజిస్టరు మీద ఉన్నా మనసు ఇరవై బళ్ల మీద ఉంది. వాళ్ల నాన్న చెప్పేవాడు, తూకంలో తేడా వస్తే ముందు మనిషిని చూడు, తర్వాత తక్కెడని చూడు అని. ఆ సూత్రం మీదే అతను పాతికేళ్లుగా దుకాణం నడిపాడు.

నిమ్మళం వ్యాను వెనక తలుపు తుడుస్తున్నాడు. చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఏమయ్యా, రోజుకి ఎనిమిది లీటర్లు తేడా. ఎక్కడ దింపుతున్నావు?"

నిమ్మళం గుడ్డని మడిచాడు. ఇంకోసారి మడిచాడు. "ఎక్కడా దింపలేదు షావుకారు గారూ. బండి తాగింది."

"బండికి నాలుగు చాలని మేం కొలిచాం."

"మీరు కొలిచారేమో. నేను నడిపాను."

మేడం చూస్తోంది. షావుకారుకి ఆ చూపు భుజం మీద చెయ్యి వేసినట్టు తెలుస్తోంది. ఇక్కడ తగ్గితే పడిపోయేది నాలుగు అనే అంకె. అది పడితే వెనకాల ఇరవై బళ్లూ పడతాయి.

"చేతివాటం డ్రైవర్లని చాలామందిని చూశానులే" అన్నాడు. గొంతు పెంచలేదు. మేడం వైపు తిరిగి, "మనిషి తేడా అండీ, బండి తేడా కాదు. శనివారం మీ కళ్ల ముందే వంద కిలోమీటర్లు తిప్పి చూపిస్తాం" అన్నాడు.

నిమ్మళం తాళంచెవులు బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా వేళ్లు అడ్డం పెట్టాడు. గుడ్డ ఉతికి తీగ మీద ఆరేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. అక్క నోరు తెరిచి, బావ వంక చూసి, మూసుకుంది. మేడం బల్ల మీదికి వంగింది. రిజిస్టరుని ఇంకోసారి తన వైపు తిప్పుకుని, ఆరు అంకెల మీదా వేలు నడిపించి, "శనివారం తొమ్మిదింటికి" అని కారెక్కింది. షావుకారు కలం తీసి ఆ ఆరు వరసల పక్కన డ్రైవరు ఖాతా అని రాశాడు.

మంగళవారం డ్రైవరు లేడు. మాట ఇచ్చారు కాబట్టి రొట్టెలు ఆ వారం కూడా వెళ్లాలి. షావుకారు తానే స్టీరింగు పట్టాడు. లోపల లోపల సంతోషంగానే ఉన్నాడు. తానే నడిపితే ఆరు లీటర్లు వస్తాయి, అది అక్క చేత రాయిస్తాడు, మేడం ముందు పెడతాడు. ట్యాంకు మూతకి తన దుకాణం తాళమే వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

రొట్టెల రూటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బజారులోకి వస్తే రెండు వందల గజాలకొక దుకాణం. ఆగాలి, వెనక తలుపు తీయాలి, ట్రేలు దించాలి, ఖాళీ ట్రేలు ఎక్కించాలి. బ్యాటరీ తగ్గినప్పుడల్లా వెనక టర్బయిన్ దానంతటదే లేచేది. ముందు సన్నగా ఈల, తర్వాత ఈల మీద ఈల, తర్వాత చెవిలో సూది. ఒక మందుల షాపతను బయటికొచ్చి, "ఏంటండీ, విమానం దించారా" అన్నాడు. ఒక చోట పొగగొట్టం వేడికి గోడ పక్కన కట్టేసిన కుక్క లేచి అవతలికి జరిగింది. ఇరవై నిమిషాలు అరిచి, బ్యాటరీ నిండగానే అది ఆగిపోయేది. ఎర్రగా కాగిన లోహమంతా వృథాగా చల్లారేది. గంటన్నర తర్వాత మళ్లీ లేచి, మళ్లీ మొదటి నుంచి కాగాలి. నడుము నొప్పి, చెవి పోటు. దీన్ని ఆరు రోజులు నడిపిన మనిషి ఒక్క మాట కూడా ఫిర్యాదు చేయలేదని మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు విసుక్కున్నాడు.

నూటయాభై కిలోమీటర్లు పూర్తి చేసి షెడ్డుకొచ్చాడు. తాళం తానే తీశాడు. అక్క లీటరు కొలతో పోస్తోంది, అతను లెక్కపెడుతున్నాడు. ఆరు దాటింది. ఏడు. ఎనిమిది. పదికి అక్క ఆగి అతని మొహం చూసింది.

"ఇంకా పోయ్" అన్నాడు.

పద్నాలుగో కొలకి డీజిల్ అంచు తాకింది.

"రాయమంటావా?" అంది అక్క.

"రాయి."

"డ్రైవరు పేరు దగ్గర?"

అతను మోకాళ్ల మీద వంగాడు. బండి కిందికి దూరి గొట్టాలన్నీ చేత్తో తడిమాడు. ఎక్కడా చెమ్మ లేదు. ట్యాంకు అడుగున పొడి దుమ్ము అలాగే ఉంది. లేచి చేతులు తుడుచుకునేసరికి అక్క తన గుండ్రటి అక్షరాలతో తమ్ముడి పేరు రాసేసింది, పక్కన పద్నాలుగు.

బుధవారం రొట్టెలు దింపి వచ్చాక అతను బావని కూర్చోబెట్టి మొదటి పరీక్ష గురించి మొదట్నుంచీ చెప్పమన్నాడు. బావకి కోపం వచ్చింది. "కొలతల గురించి నువ్వు నన్ను అడుగుతావా? వెంట్రుకలో పదో వంతు తేడా వస్తే ముక్క అవతల పారేసిన చెయ్యి ఇది."

"తప్పంటం లేదు బావా. ఏం చేశావో చెప్పమంటున్నా, అంతే."

"ఏముంది? ముందురోజు బండి కడిగాం. చక్రాల్లో గాలి పట్టాం. బ్యాటరీ ఫుల్ చేశాం. ట్యాంకు ఫుల్ చేశాం. వంద కిలోమీటర్లు తిప్పాం. మళ్లీ ట్యాంకు నింపితే నాలుగు లీటర్లు పట్టింది. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

"బ్యాటరీ దేంతో ఫుల్ చేశావు?"

"గోడకి తగిలించాను. పరీక్ష ముందు బండి పూర్తిగా సిద్ధం చేయడం వర్క్‌షాపు పద్ధతి."

"బయల్దేరేటప్పుడు ఎంతుంది?"

బావ తన చిన్న పుస్తకం తీశాడు. నిజాయితీపరుడు, అన్నీ రాసుకున్నాడు. "తొంభై ఎనిమిది శాతం."

"వచ్చాక?"

"ఇరవై మూడు."

షావుకారు ఆ రెండు అంకెలూ మళ్లీ చదివాడు. దుకాణంలో పనికి చేరిన కుర్ర గుమస్తాలకి మొదటి రోజే చెప్పే పాఠం ఇది. ఏప్రిల్లో గోదాములో ఎంత ఉంది, మార్చిలో ఎంత మిగిలింది, ఆ రెండూ చూడకుండా ఇంత అమ్మాం అని సంతోషపడేవాడు గోదాము అమ్ముకుని తింటున్నట్టు లెక్క. రెండేళ్లు ఈ షెడ్డులో తిరిగాడు. నాలుగు అనే అంకెని పదిమందికి చెప్పాడు. ఒక్కసారి కూడా, మొదట్లో సరుకెంత, చివర్లో సరుకెంత అని అడగలేదు.

"నిండు గోదాముతో బయల్దేరి ఖాళీ గోదాముతో వచ్చావు బావా."

"అది బ్యాటరీరా. డీజిల్ కాదు. బండిలో భాగం అది, సీటు లాగా, చక్రం లాగా."

"సీటుని రోజూ నింపక్కర్లేదు. ఇది నింపాలి కదా. దేంతో నింపుతావు, రోడ్డు మీద?"

బావ పుస్తకం మూశాడు. షావుకారు లేచాడు. "ఇప్పుడు బ్యాటరీ ఎంతుంది?"

"ముప్ఫై."

"ఇరవై మూడుకి దించు. అక్కడి నుంచి తొంభై ఎనిమిది దాకా టర్బయిన్‌తోనే ఎక్కించు. ఎంత తాగుతుందో కొలుద్దాం."

బండిని అయిదారు కిలోమీటర్లు తిప్పి ఇరవై మూడుకి తెచ్చారు. బావ బండిని తలుపు బయటికి మొహం పెట్టి నిలిపి, పొగగొట్టం ముందు నుంచి సామానంతా జరిపాడు. మీట నొక్కాడు. ఈల లేచింది. గొట్టం నోటి ముందు గాలి అలలు అలలుగా వణికి, అవతల గోడ మీది ఇటుకలు నీళ్లలో ఉన్నట్టు కదిలాయి. అక్క చెవుల్లో దూది పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. అరగంట పాటు ముగ్గురూ మాట్లాడుకోలేదు, మాట్లాడినా వినపడదు. బావ సూదుల వంక చూడలేదు. ఇరుసు చప్పుడు వింటూ నిలబడ్డాడు, రెండేళ్ల క్రితం వేలితో తిప్పి విన్నట్టే. లోపం ఏమీ లేదు. అంత నున్నగా తిరిగే యంత్రాన్ని షావుకారు పాతికేళ్లలో చూడలేదు.

తొంభై ఎనిమిది అయింది. ఆపారు. అక్క పోసింది. అయిదు లీటర్లు, పైన నాలుగు వందల మిల్లీలీటర్లు.

నాలుగూ అయిదున్నరా దగ్గర దగ్గర తొమ్మిదిన్నర. నూటయాభైకి పద్నాలుగు. నిమ్మళం రాయించిన పద్నాలుగే.

"అయితే ఆ మనిషి..." అంది అక్క.

"ఊఁ" అన్నాడు షావుకారు.

గురువారం సాయంత్రం రొట్టెల పని అయ్యాక నిమ్మళం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. డ్రైవర్ల అడ్డా దగ్గర అడిగితే ఒకతను నవ్వాడు. "ఎవరు, ఎనిమిది లీటర్లా? ఆ సందులో మేడ మీద." సోమవారం మేడం కారు డ్రైవరు గుమ్మంలో విన్నట్టున్నాడు, మూడు రోజుల్లో నిమ్మళం అనే పేరు పోయి ఈ పేరు వచ్చేసింది.

మేడ మీద ఒకటే గది. నిమ్మళం భార్య మిషను మీద కారు సీట్లకి కవర్లు కుడుతోంది. ఆమె లేవలేదు. కాలు ఆపి, "ఆయన లోపలున్నారు" అంది. ఆ గదిలో లోపల అనేది ఒక కర్ర తెర వెనక మూడడుగులు. నిమ్మళం బయటికొచ్చి స్టూలు జరిపాడు.

షావుకారు బేరానికి వచ్చిన మనిషిలా మొదలుపెట్టాడు. వేరే రకంగా మొదలుపెట్టడం అతనికి రాదు. "చూడు నిమ్మళం, ఆ రోజు మాట తూలాను. బండిలోనే తేడా ఉందని తేలింది. రేపట్నుంచి వచ్చెయ్. జీతం కూడా చూద్దాం."

"అలాగా" అన్నాడు నిమ్మళం.

"పని దొరికిందా ఎక్కడైనా?"

మిషను దగ్గర నుంచి భార్య అంది. "రెండు చోట్ల రమ్మన్నారు. వెళ్లేలోపే ఫోను వచ్చింది, వద్దులే అని. స్టీరింగు ఇచ్చేవాడు ముందు డీజిల్ గురించే కదండీ అడిగేది. ఇరవై తొమ్మిదేళ్లు నడిపారు. ఒక్క గీత కూడా పడనివ్వలేదు ఏ బండి మీదా."

"నువ్వూరుకో" అన్నాడు నిమ్మళం.

"ఊరుకునే ఉన్నాగా మూడ్రోజుల్నుంచి" అని ఆమె మళ్లీ మిషను తొక్కింది. సూది రెండు జానలు పరిగెత్తి ఆగింది.

"అందుకే కదా వచ్చాను" అన్నాడు షావుకారు. "వచ్చి చెప్తున్నా, తప్పు నాది అని."

నిమ్మళం అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వంకే చూశాడు. "మీరు నన్ను మా ఇంట్లో అనలేదు షావుకారు గారూ. మా ఆవిడకి నేనేంటో తెలుసు, ఇక్కడ చెప్పి లాభం లేదు. షెడ్డులో అన్నారు, ఆ మేడం ముందు. చెప్తే అక్కడే చెప్పండి."

"ఆవిడ ముందు చెప్పడమంటే..." షావుకారు ఆగాడు. ఇతని మీద నుంచి ఎనిమిది లీటర్లు తీస్తే అవి ఎక్కడో పెట్టాలి. బండి మీద పెట్టాలి. బండి మీద పెడితే ఆమె కొనదు. "అంటే ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలుసు. ఆరు రోజులు నడిపాను కదా. దాని తిండి నాకు తెలుసు." కాస్త ఆగి, "కష్టమైతే వద్దులెండి. నేనేమీ బలవంతపెట్టను" అన్నాడు.

అందులో వెటకారం ఉందేమోనని షావుకారు వెతికాడు. లేదు. ఉండి ఉంటే తేలికగా ఉండేది, ఒక మాట అని లేచి వచ్చేసేవాడు. మెట్లు దిగుతుంటే పైన మిషను మొదలైంది.

శుక్రవారం రూటు నుంచి వచ్చాక బావతో తగవు పడ్డాడు. తగవంటే ఇద్దరూ అరుచుకోవడం కాదు. బావ లేతు మీద ఏదో చిన్న బుష్షు చెక్కుతూనే ఉన్నాడు, షావుకారు మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఆవిడ రేపు వస్తుంది" అన్నాడు బావ చివరికి. "వంద కిలోమీటర్లు చూస్తుంది. ఈ రాత్రికి బ్యాటరీ గోడకి తగిలిస్తాను. రేపు నాలుగే వస్తుంది. అది అబద్ధం కాదు, ఆవిడ కళ్లతో ఆవిడే చూస్తుంది. మొదటి ఇరవై బళ్లు వెళ్తే, ఆ ఆసరాతో పొగగొట్టంలోంచి పోయే వేడిని తిరిగి వాడుకునే భాగం మెరుగు చేస్తాను. అప్పుడు ఆరుకి తెస్తాను. ఆరుకి తేగలను నేను. నీకు తెలుసు తేగలనని."

"తెలుసు."

"మరి?"

"ఇవాళ ఆరు కాదు కదా బావా."

"వ్యాపారం నువ్వు నాకు నేర్పుతున్నావా, నేను నీకు నేర్పాలా? అమ్మేవాడు ఎప్పుడైనా తన సరుకులో లోపం తానే చూపిస్తాడా?"

ఈ మాట షావుకారుకి తగిలింది, ఎందుకంటే నిజం. అతను ఎన్నడూ చూపించలేదు. తుప్పు మీద రంగు వేసి అమ్మిన రోజులు లేవా? ఉన్నాయి. కొనేవాడు గీకి చూసుకోవాలి, అది బజారు ధర్మం. కానీ ఆ రంగు కిందెప్పుడూ మనిషి లేడు.

"నీ అక్క రెండేళ్లుగా కొత్త చెప్పులు కొనలేదు" అన్నాడు బావ, బుష్షుని వెలుతురులో పెట్టి చూస్తూ. "అది కూడా లెక్కలో వేసుకో."

అక్క అక్కడే ఉంది. "నా కాళ్లని మధ్యలోకి లాగొద్దు" అంది. "అవి బాగానే ఉన్నాయి."

షావుకారు చెప్పులు తొడుక్కున్నాడు. తలుపు దగ్గర ఆగి, "నిమ్మళాన్ని రేపు తొమ్మిదింటికి రమ్మన్నాను" అన్నాడు. బావ లేతు ఆపలేదు.

శనివారం ఎనిమిదిన్నరకి షెడ్డు తలుపు తీసే ఉంది. షావుకారు ముందు చూసింది గోడ వైపు. చార్జింగు తీగ చుట్ట చుట్టి మేకుకి వేలాడుతోంది. బండి లోపల చూశాడు. అరవై శాతం.

బావ బండి కింద ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. "అరవైతో బయల్దేరుతుంది" అన్నాడు కింద నుంచే. "వచ్చాక అరవై అయ్యేదాకా టర్బయిన్ ఆపను. ఆ తర్వాతే ట్యాంకు నింపండి."

"బావా..."

"నీ కోసం కాదు. తప్పు కొలత మీద ముక్క కోసిన టర్నర్ని నేనెప్పుడూ పక్కన నిలబడనివ్వలేదు. రాత్రి నిద్ర పట్టలేదు, అంతే. ఆ పదమూడు నంబరు పానా ఇటు తొయ్యి."

షావుకారు పానా తోశాడు.

తొమ్మిదికి మేడం వచ్చింది. నిమ్మళం అయిదు నిమిషాల ముందే వచ్చి, లోపలికి రాకుండా తలుపు పక్కన నీడలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. షావుకారు అతన్ని లోపలికి పిలిచాడు. సోమవారం ఎవరు ఎక్కడ ఉన్నారో దాదాపు అక్కడే ఉన్నారు ఇప్పుడు. మేడం బల్ల దగ్గర, అక్క పక్కన. బావ మాత్రం ఈసారి బానెట్టులో తల పెట్టలేదు.

షావుకారు ముందుగా కూర్చుకున్న మాటలు ఉన్నాయి. అవి నోటికి రాలేదు.

"మేడం, సోమవారం మీ ముందు ఇతన్ని చేతివాటం మనిషన్నాను. తప్పు నాది. ఒక్క చుక్క కూడా తీయలేదు. మేము నాలుగు అని చెప్పింది, బ్యాటరీని గోడకి తగిలించి నింపిన రోజుది. అది లెక్కలో వేయలేదు. వేస్తే తొమ్మిది దాటుతుంది. ఇవాళ సరైన లెక్కతో తిప్పుతాం, చూడండి. ఇతనే నడుపుతాడు."

నిమ్మళం తల కొంచెం పక్కకి తిప్పాడు. ఆరేసిన తడిగుడ్డ ఇంకా తీగ మీదే ఉంది, కట్టెలా బిగిసి.

"నడపమంటారా?" అని మేడంనే అడిగాడు.

"నడుపు" అందామె. "నేను పక్కన కూర్చుంటాను."

వెళ్లి రావడానికి మూడున్నర గంటలు పట్టింది. వచ్చాక బ్యాటరీ యాభై ఒకటి ఉంది. బావ టర్బయిన్ లేపాడు. అరవై పడగానే ఆపాడు. అక్క పోసింది. ఈసారి అందరూ వంగి చూశారు. తొమ్మిది లీటర్లు, పైన నాలుగు వందల మిల్లీలీటర్లు.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా పాత వ్యాన్లు ఏడు తాగుతాయి" అంది. "చప్పుడు కూడా తక్కువ."

"తెలుసండీ" అన్నాడు బావ.

"యంత్రం మంచిది. రోడ్డుకి మంచిది కాదు. ఒకే చోట కూర్చుని రోజంతా ఆగకుండా తిరిగే పని ఏదైనా ఉంటే దానికి పనికొస్తుందేమో. నాకు కావాల్సింది మాత్రం ఇది కాదు." కారు దాకా వెళ్లి, ఆగింది. "ఒక సంగతి చెప్పనా షావుకారు గారూ? సోమవారమే నాకు అనుమానం వచ్చింది. పద్నాలుగు, పద్నాలుగు, పదమూడున్నర, పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు. దొంగ ఎక్కడైనా రోజూ అంత పద్ధతిగా దొంగిలిస్తాడా? ఒకరోజు ఆశపడతాడు, ఒకరోజు భయపడతాడు. మా డ్రైవర్ల పుస్తకాలు నేను పదిహేనేళ్లుగా చూస్తున్నాను."

షావుకారు ఆమె వంక చూశాడు. ఆ ఆరు అంకెలూ తానూ చూశాడు. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"నేను కొనడానికి వచ్చాను. మీ మనిషిని మీరే దొంగ అంటుంటే కాదనడానికి నేనెవరిని?" అని, నిమ్మళం వైపు తిరిగింది. "సోమవారం మా గేటు దగ్గరికి రా. రెండు వ్యాన్లు డ్రైవర్లు లేక ఉన్నాయి."

"చూస్తానమ్మా" అన్నాడు నిమ్మళం.

కారు వెళ్లిపోయింది. బావ బండి వెనక తలుపు మూసి, గడియ పెట్టి, లేతు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. మీట వేయలేదు. అక్క ఒక గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లి అతని పక్కన పెట్టింది. అతను తాగలేదు. ఆమె అక్కడే ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

షావుకారు బల్ల దగ్గర రిజిస్టరు తెరిచాడు. ఆ ఆరు వరసల పక్కన సోమవారం తన చేత్తోనే డ్రైవరు ఖాతా అని రాసి, తేడాని నిమ్మళం పేరు మీద వేశాడు. ఇప్పుడు దాని మీద గీత కొట్టాడు. కింద రాశాడు: డ్రైవరు పేరు మీద వేసిన నలభై ఎనిమిది లీటర్లు బండి వాడకం. సంతకం పెట్టి, రిజిస్టరుని నిమ్మళం వైపు తిప్పాడు.

నిమ్మళం దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని నిదానంగా చదివాడు. పెదాలు కదిలాయి.

"నలభై ఎనిమిది కాదు షావుకారు గారూ. మూడో రోజు పదమూడున్నర. నలభై ఏడున్నర."

షావుకారు లెక్క చూసుకున్నాడు. నిజమే. కొట్టేసి సరిగ్గా రాశాడు, పక్కన పొడి సంతకం పెట్టాడు. రెండేళ్ల పనికి, ఇరవై బళ్ల బేరానికి, అతని పుస్తకంలో రాబడి వైపు మిగిలింది ఆ ఒక్క వరసే: నలభై ఏడున్నర లీటర్లు, ఒక మనిషి పేరు మీద నుంచి దిగాయి.